షీన్-ఖాఫ్ సర్టిఫికెట్ ఎవరిక్కావాలి?

నావేద్ షేక్ కథను మన పత్రికలు దాదాపు ఒకే అచ్చులో పోసి రాశాయి. ఇరుకు గల్లీ, తుంటరి పిల్లాడు, పట్టుదల, చివరికి బాలీవుడ్. మట్టిలో మాణిక్యం అన్నమాట! చదివినవాళ్లు అయ్యో పాపం అన్నారు, ఆహా అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. మాణిక్యం గురించి అంత రాసినవాళ్లు ఆ మట్టి ఏ భాష మాట్లాడుతుందో ఒక్క ముక్క రాయలేదు. ఆ కుర్రాడు గెలిచిందే ఆ భాషతో గదా.

నేజీ పేరుతో పాడే నావేద్ 1993లో పుట్టాడు. ముంబైలో కుర్లా వెస్ట్ అతని బస్తీ. పిన్‌కోడ్ 400070. బళ్లో చదివే వయసులో జమైకా గాయకుడు షాన్ పాల్ పాడిన 'టెంపరేచర్' అతని చెవిన పడింది. విని విని మొత్తం బట్టీ పట్టి తోటి పిల్లల ముందు అప్పజెప్పాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. షాన్ పాల్ నోట పలికేది ఏ భాష? జమైకా పటువా. బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్ల నోళ్లలో ఇంగ్లీషు నలిగి, కలిసి, కొత్తగా మొలిచిన భాష. దొరలు దాన్ని తరాల తరబడి పాడైన ఇంగ్లీషు అని ఈసడించారు. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో హిప్‌హాప్‌కు పాదు వేసిన డీజే కూల్ హెర్క్ కూడా జమైకాలో పుట్టినవాడే. నీది భాషే కాదు పొమ్మనిపించుకున్నవాళ్ల పాట, అదే మాట పడుతున్న కుర్లా పిల్లాడి దగ్గరికి వచ్చి చేరింది. ఇది కాకతాళీయం అంటారా, మీ ఇష్టం. నేననను.

2014 జనవరిలో 'ఆఫత్' వచ్చింది. తండ్రి ఇచ్చిన ఐప్యాడ్ ఒక్కటే అతని ఆస్తి. పాట రికార్డు చేసింది అందులోనే, తన గల్లీలో వీడియో తీసింది దాంతోనే, కత్తిరించి అతికించిందీ దాని మీదే. స్టూడియో లేదు, కంపెనీ లేదు, సిఫారసు లేదు. యూట్యూబ్‌లో పెట్టాడు, జనం విన్నారు. ఇండిపెండెంట్ అని ఇవాళ ప్రతి ఒక్కడూ చెప్పుకుంటాడు గానీ, ఆ మాటకు అర్థం ఇదీ. అదే ఏడాది దిశా రిందానీ అతని మీద డాక్యుమెంటరీ తీసి, ఆ పిన్‌కోడ్ చివరి అంకెలే తీసుకుని 'బాంబే 70' అని పేరు పెట్టింది. 2015లో డివైన్‌తో కలిసి 'మేరే గల్లీ మే' పాడాడు. డివైన్ అసలు పేరు వివియన్ ఫెర్నాండెస్. ఒక సాయిబు పిల్లాడు, ఒక కిరస్తానీ పిల్లాడు! ముంబై గల్లీ ర్యాప్‌ను దేశానికి వినిపించిన ఆ పాట ఈ ఇద్దరిదీ. ఈ సంగతి కూడా ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

అసలు గొడవకు వస్తాను.

కుర్లా గల్లీ మాట ఉర్దూయా, హిందీయా, మరాఠీయా? అన్నీనూ. అందుకే మన ఉర్దూ పెద్దమనుషులు మూతి ముడుస్తారు. షీన్-ఖాఫ్ దురుస్తుగా లేదంటారు. ఆ రెండు అక్షరాలు సరిగ్గా పలికినవాడికే తహజీబ్ ఉన్నట్టు! ఖాఫ్‌ను ఖే చేసి పలుకుతామని ఢిల్లీ, లక్నోలవాళ్లు హైదరాబాదీలను చూసి నవ్వుతారు. ఆ నవ్వు దిగమింగి మనవాళ్లు కిందికి చూసి నవ్వుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకుల సోదరుణ్ని 'ఉర్దూ రాని నువ్వేం ముసల్మానువి' అని అడిగే అష్రాఫ్ నోళ్లు నేనెన్ని వినలేదు! ఖురాను ఉర్దూలో దిగిందా సాబ్?

గోల్కొండ నేలిన కులీ కుతుబ్ షా దక్కనీలో దీవానే రాశాడు. అప్పుడది ప్రేమకూ, ప్రార్థనకూ, పండగకూ చాలిన భాష. తర్వాత దానికి మిగిలిన పని ఒక్కటే. నవ్వించడం. సులేమాన్ ఖతీబ్, సర్వర్ డండా వంటి గొప్ప షాయిర్లు దక్కనీలో రాస్తే వాళ్లను మిజాహియా గదిలో, అంటే హాస్యం గదిలో, కూర్చోబెట్టారు. ఖతీబ్ కవిత్వంలో అత్తాకోడళ్ల నవ్వుల కింద ఎంత దుఃఖం ఉందో విన్నవాళ్లకు తెలుసు. అయినా చప్పట్లు నవ్వుకే. 1965లో 'గుమ్‌నామ్' సినిమాలో మెహమూద్ హైదరాబాదీ యాస మాట్లాడితే దేశమంతా పడీపడీ నవ్వింది. మన తెలుగు సినిమా సంగతి చెప్పనే అక్కర్లేదు. సాయిబు పాత్ర 'నీకీ, నాకీ, అరే భయ్' అనాల్సిందే.

ఒక పత్రికలో పనిచేసే రోజుల్లో, ఇల్లు కూలగొట్టించుకున్న ఒక ముసలమ్మ మాటల్ని ఆమె అన్నది అన్నట్టు చక్కటి తెలంగాణ తెలుగులో రాసిచ్చాను. డెస్కులో ఎవరో దానికి 'సాయిబుల యాస' తగిలించి అచ్చేశారు. తెల్లారేసరికి ఆమె ఏడుపు హోటళ్లలో జోకయింది. ఎందుకిలా చేశారని అడిగితే సహజంగా ఉంటుందని అన్నారు!

ఆఫత్ దెబ్బ కొట్టింది ఇక్కడే. అంతవరకూ నవ్వించడానికే పనికొస్తుందనుకున్న గల్లీ మాట కోపంగా నిలబడింది. నవ్వడానికి వీల్లేకుండా నిలబడింది. దీన్ని మాణిక్యం కథగా రాసుకుంటే ఈ కోపం కనబడదు. కనబడకూడదనే అలా రాస్తారేమో కూడా.

సినిమావాళ్లకు కనబడింది. నేజీ, డివైన్‌ల జీవితాల స్ఫూర్తితో జోయా అఖ్తర్ 'గల్లీ బాయ్' తీసింది. 2019లో విడుదలైంది, 2020లో 13 ఫిల్మ్‌ఫేర్ అవార్డులు కొట్టుకొచ్చింది. మంచి సినిమానే, కాదనను. ముసల్మాను కుర్రాడు టెర్రరిస్టో గూండానో కాకుండా కవి కావడం హిందీ తెర మీద చిన్న సంగతి కాదు. కానీ కుర్లా పోయి ధారావి వచ్చింది, నేజీ ముఖం పోయి రణ్‌వీర్ సింగ్ ముఖం వచ్చింది. అసలు పాడినవాడు సినిమా ప్రచారంలో వెనక వరసకు పోయాడు. నోరు మాదే. ముఖమే పనికిరాలేదు.

ఇక బయటివాళ్లను తిట్టి ఊరుకుంటే సగం మాటే అవుతుంది. 2019లోనే మన హైదరాబాదు రుహాన్ అర్షద్ 'మియా భాయ్' దేశమంతా మోగింది. తర్వాత సంగీతం మతసమ్మతం కాదని అతనే వదిలేశాడు. అది అతని ఈమాను, అతని నిర్ణయం. దాన్ని ప్రశ్నించే హక్కు నాకు లేదు. నేను అడిగేది, ఆ నిర్ణయానికి సంబరపడిన పెద్దల్ని. మీ డ్రాయింగ్ రూముల్లో మెహదీ హసన్ గజళ్లు ఎన్నేళ్ల నుంచి మోగుతున్నాయి? దర్గాలో ఖవ్వాలీకి కళ్లు మూసుకుని తల ఊపుతారు, పీర్ల గుండం చుట్టూ పాడే తెలుగు పాటల్ని మాత్రం జాహిల్ పని అంటారు. హరాం-హలాల్ తేల్చేది షరియతా, పాడేవాడి బస్తీనా? పిల్లలకు ఇదంతా అర్థమవుతూనే ఉంది.

ముషాయిరా జరిపే పెద్దలకు ఒక్కటే చెప్పాలి. అర్ధరాత్రి దాటి జనం కునుకు తీస్తుంటే లేపడానికి దక్కనీ షాయిర్‌ను పిలుస్తారే, ఈసారి అతన్ని ముందే పిలవండి. నవ్వించమని అడక్కండి. తెలుగు సాహిత్య సభలవాళ్లు కూడా అంతే. సాయిబును వేదిక ఎక్కించి 'మీ తెలుగు ఎంత బాగుందండీ' అని మెచ్చుకోవడం ఇకనైనా మానండి.