పాత యంత్రమునకు క్రొత్త రంగు

పెట్రోలుతో నడచు పాత గడ్డికోతయంత్రములను సేకరించువారు ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో ననేకులు గలరు. ఇతరులు పాతయినుము కొట్టునకు పంపివేయు యంత్రమును వీరు వెల యిచ్చి తెచ్చుకొందురు, త్రుప్పు గీకుదురు, ఇంజను విప్పి, కడిగి, మరల బిగింతురు, త్రాడు లాగగా నది మ్రోగెనేని బిడ్డ తొలిపలుకు విన్న తండ్రివలె మురిసిపోదురు. ఇంగ్లండులోని సౌత్‌పోర్టు పట్టణమున గడ్డికోతయంత్రములకే యొక మ్యూజియము గలదు. ఈ మాట విని మన చదువుకొన్నవారిలో పలువురు నవ్వుచున్నారు. గడ్డి కోయు పనిముట్టునకు మ్యూజియ మేమని వారి పరిహాసము.

ముందు ఆ నవ్వువారితో రెండు మాటలు. ఏ సంస్థానాధీశుని కత్తినో అద్దపు బీరువాలో బెట్టినప్పుడు వీరు నవ్వలేదు గదా! ఆ కత్తి యొక్క యింటిలోనిది. ఒరలోనుండి యెన్నిసారులు వెలికి వచ్చెనో చెప్పువాడు లేడు. గడ్డికోతయంత్రమో, లక్షలకొలది యిండ్లలో వారమువారము పనిచేసినది. 1830వ సంవత్సరమునకు పూర్వము ఇంగ్లండులో నునుపైన పచ్చిక ధనికుని సొత్తు. వేకువను, మంచుతడి యారకముందే, పొడుగుపిడి కొడవండ్లు పట్టిన కూలివారు వరుసగా నిలిచి కోసిననే గాని యది సమముగ నుండెడిది కాదు. గ్లాస్టరుషైరులోని స్ట్రౌడు ప్రాంతమున నివసించిన ఎడ్విన్ బియర్డ్ బడ్డింగు అనునాతడు, ఉన్నిబట్టమీది నూగును కత్తిరించు మిల్లుయంత్రమును జూచి, ఆ యుక్తినే గడ్డికి వర్తింపజేసి, 1830లో పేటెంటు పొందెను. పిమ్మట గుఱ్ఱములు లాగు పెద్ద యంత్రములు వచ్చినవి. గిట్టలు పచ్చికను చెఱుపకుండ ఆ గుఱ్ఱములకు తోలుజోళ్లు తొడిగెడివారు. (వెనుక నడచు కూలివాని జోళ్ల నెవ్వరు విచారించిరో!) 1902లో ఇప్స్విచ్చి పట్టణపు రాన్సమ్స్ వారు పెట్రోలుయంత్రమును అమ్మకమునకు దెచ్చిరి. 1921లో ఆట్కో యంత్రము బర్మింగుహామునుండి వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట ధర తగ్గినది, బరువు తగ్గినది. 1953లో మిల్వాకీలోని బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారు అల్యూమినియముతో తేలికైన ఇంజను చేసిరి. పచ్చికకు యజమాని యైనవాడే తన పచ్చికకు కూలివాడును అయ్యెను. ఇది చరిత్ర కాదనువాడు చరిత్ర యనగా నేమో చెప్పవలసియుండును.

కాబట్టి సేకరించుట తప్పని నే ననను. నా వివాదము సేకరించినపిదప జరుగు పనితోడనే.

ఆ పని యెట్టిదనిన, మొదట పాత రంగు గీకివేయుదురు. చేతులు పట్టి పట్టి యరిగిన పిడిని మార్చుదురు. రాతికి తగిలి సొట్టపడిన రేకును సుత్తితో చదును చేయుదురు. ఇంటివాడెవడో తీగెతో కట్టుకొన్న కట్టు విప్పి పారవేయుదురు. పిమ్మట నిగనిగలాడు రంగు పూసి, సంతలో నిలిపి, "చూచితిరా! ఆనాటి పనితన మెంత గట్టిదో! ఆనాటి దినము లెంత మంచివో!" అని నిట్టూర్తురు. అయ్యా, ఆనాడు అంగడినుండి యింటికి వచ్చిన రెండవవారమునుండియు ఆ యంత్ర మిట్లు మెఱసి యుండలేదు! మీరు పూసిన రంగుక్రింద నున్నదే యానాటి దినము. దానిని గీకి నేల పాలు చేసి, పోయినదని మీరే దుఃఖించుచున్నారు.

ఆస్ట్రేలియావారి విక్టా యంత్రమును చూడుడు. 1952లో సిడ్నీ నగరమున మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సను తన యింటియొద్ద మొదటి యంత్రమును పాత సామానులతో కూర్చెను. పెట్రోలు పోయుటకు పీచుపండ్ల డబ్బాను బిగించెను. ఆ దేశమున నేటికిని జనులు చెప్పుకొనునది ఆ డబ్బా సంగతియే. దానిని తీసివేసి యిత్తడి తొట్టి యమర్చినచో అందము పెరిగి యుండును, కథ నశించి యుండును. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సు ప్రారంభోత్సవములో నీ యంత్రములను ఊరేగించి గౌరవించిరి. మంచిదే. అయితే రిచర్డ్‌సనుకు ముందు, 1948లో, అదే నగరమున లారెన్స్ హాలు అనునాతడు అడ్డముగ తిరుగు కత్తిగల "మోహాల్" యంత్రమును చేసి చూపెననియు, రిచర్డ్‌సను దానిని చూచియుండెననియు నెందరు తలచుకొనుచున్నారు? ప్రీతికరమైనంతమట్టునకే జ్ఞాపకముంచుకొని తక్కినది విడుచుట యంత్రము రంగులోనే కాదు, పేరులోను జరుగుచున్నది.

ఇక కత్తి. అమెరికాలో 1982 జూను 30 తరువాత తయారైన, వెనుక నడచుచు త్రోయు గిరగిర కత్తి యంత్రములన్నిటికిని చట్టమొకటి వర్తించెను: చేయి వదలిన మూడు సెకండ్లలో కత్తి నిలువవలెను. అంతకు ముందటి యంత్రములలో బెక్కింటికి అట్టి కట్టుబాటు లేదు. మనుష్యుడు జారిపడినను కత్తి తిరుగుచునే యుండును. ఈ పాత యంత్రములనే కొందఱు సేకర్తలు "ప్రభుత్వము చేయి పెట్టనినాటి సరళమైన నిర్మాణము" అని మెచ్చుకొనుచుందురు. వ్రేళ్లు తెగిన చేతులు, కాళ్లు ఆ సరళతకు మూల్యములు. ఊరక విసుగుపుట్టి యెవడును చట్టము చేయలేదు. యంత్రమును మెఱుగుపెట్టి నిలిపినవారు దాని ప్రక్కన ఈ మాట వ్రాసిన చీటియొకటి నిలిపిన నేమి నష్టము?

అన్నిటికంటె గూఢమైనది మఱియొకటి గలదు. ఈ యంత్రములకు స్వర్ణయుగ మనబడు కాలమున, 1947 మొదలుకొని న్యూయార్కు చేరువను లెవిట్టౌను అను పేట వెలసెను. ఒకే తీరు ఇండ్లు వేలకొలది; ప్రతి యింటికి పచ్చిక. వేసవిమాసములలో వారమున కొకసారి గడ్డి కోయవలెనని ఒప్పందపత్రములోనే షరతు. ఆ పత్రములలోనే వేఱొక షరతు: తెల్లజాతివారు దప్ప నితరులు ఆ యింట గాపురముండరాదు. ఇట్టి ఒప్పందములను కోర్టులు అమలు జరుపరాదని 1948లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పు చెప్పినను, బహిష్కారము ఆగలేదు. 1957లో పెన్సిల్వేనియాలోని మఱియొక లెవిట్టౌనునకు మైయర్సు అను నల్లజాతి కుటుంబము కాపురమునకు రాగా, ఆ యింటి యెదుట గుంపులు గూడి రాళ్లు రువ్విరి. ఆదివారపు ఉదయము, కోసిన గడ్డివాసన, యంత్రము త్రోయుచున్న తండ్రి – ఈ చిత్రమును తలచి కన్నీరు పెట్టువారు, ఆ పచ్చికపై నడుగుపెట్టుట కెవరికి హక్కుండెనో, ఎవరికి లేకుండెనో యేల యడుగరు?

"ఇది వట్టి వినోదము, పగలెల్ల పనిచేసి వచ్చి ఇంజను విప్పుకొని సంతోషించువాని నెత్తిన మీ చరిత్ర నేల మోపెదరు?" అని యడుగువారు గలరు. విప్పుకొనుటలో సంతోషించువానితో నాకు జగడము లేదు. కాని "జ్ఞాపకమును రక్షించుచున్నాము" అని బల్లకట్టి చెప్పువాడు జ్ఞాపకమునకు పూచీ వహింపవలసినదే. మఱికొందఱు కాలిఫోర్నియా రాష్ట్రముపై మండిపడుచున్నారు. పొగ విడుచు చిన్న ఇంజనుల క్రొత్త యమ్మకములను 2024 మొదలుకొని మాన్పుటకై ఆ రాష్ట్రము 2021లో చట్టము చేసినది. "మా గతమును చంపుచున్నా" రని వీరి మొఱ. ఆ చట్టము క్రొత్త సరకునకే గాని యింటిలోని పాత యంత్రమునకు గాదు. నూనె కలిపిన పెట్రోలు త్రాగు రెండుగతుల ఇంజను వెనుక వేసవియెండలో గంటసేపు నడచినవానిని అడుగుడు. ఆ పొగను గూర్చి వాడు చెప్పునది యే సంత ప్రకటనలోను కనబడదు.

మన కీ ప్రస్తావన మేలయని చదువరులు తలపవచ్చును. నేడు డల్లాసు, న్యూజెర్సీ ప్రాంతములలో మన తెలుగువారి కుటుంబములు వేలకొలది యట్టి పచ్చికలు గల యిండ్లలోనే కాపురమున్నవి. గడ్డి పెరిగినదని పేట సంఘమువారు జాబులు పంపుదురు, అపరాధము వేయుదురు. నాయొద్ద చదువుకొన్న యొకడు అచ్చట ఒక వృద్ధదంపతుల యింటి సామానుల అమ్మకములో పాత లాన్-బాయ్ యంత్రమును కొనెను. పిడికి చుట్టిన కాగితపు పట్టీపై ముగ్గురు పిల్లల పేర్లు, ఏ శనివార మెవరి వంతో పెన్సిలుతో వ్రాసి యున్నదట. ఒక పేరు రెండుసారులు కొట్టివేసి యున్నదట. పట్టీ తీసి, పిడి రుద్ది, పచ్చరంగు వేయింపవచ్చునా యని జాబు వ్రాసెను. ఇంజను బాగుచేయించుకొమ్మనియు, రంగు జోలికి పోవలదనియు, అమ్మినవారు జీవించియుండగానే పోయి ఆ కొట్టివేసిన పేరు సంగతి యడిగి వ్రాసియుంచుమనియు బదులు వ్రాసితిని.