కరదీపిక

టార్చిలైటు మీద కూడా ఒక టపానా అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో రెండేళ్ళుగా సాగిన ఒక వివాదం ఇటీవలే తెమిలింది. అందులో నలుగురికీ పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నవని తోచి రాస్తున్నాను.

ముందుగా మాట సంగతి. మా ఊళ్ళో దీన్ని బేటరీలైటు అంటారు. కరదీపిక అని చక్కని పదం ఒకటి ఉన్నది. చేత పట్టుకునే దీపం అని అర్థం. కానీ పత్రికలవారూ ప్రభుత్వ శాఖలవారూ కలిసి ఆ పదాన్ని పుస్తకానికి కట్టబెట్టారు. ఇప్పుడు కరదీపిక అంటే ఏ తెగులుకు ఏ మందు కొట్టాలో చెప్పే చిన్న పుస్తకమే. ఈ ఒక్క టపాలోనైనా పదాన్ని దాని సొంతదారుకు తిరిగి ఇప్పిద్దామనుకున్నాను గాని, రాస్తుంటే నాకే ఎబ్బెట్టుగా తోచింది. శీర్షికతో సరిపెట్టుకుని, టార్చి అనే రాస్తాను.

మా పొలం కృష్ణా పశ్చిమ డెల్టాలో, కాలవ చిట్టచివర ఉన్నది. పగలంతా పైవాళ్ళు పెట్టుకోగా మిగిలిన నీరు మా తూము దాకా వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. నాన్నగారికి డెబ్భై మూడేళ్ళు. వంతు నాటి రాత్రి ఆయనను ఇంట్లో ఉంచడం ఎవరి తరమూ కాదు. ఇంటి నుండి తూముకు గట్టు మీద కిలోమీటరు నడక.

ఆ నడక కోసం 2021లో 450 రూపాయలకు ఒక ఎల్‌ఈడీ టార్చి అంతర్జాలంలో కొని పంపినవాణ్ణి నేనే. నల్లటి అల్యూమినియం గొట్టం, ముందుకూ వెనక్కూ జరిగే కటకం, లోపల ఒక లిథియం సెల్లు. పెట్టె మీద రెండు వేల ల్యూమెన్లని, సెల్లు మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది. చూసి మురిసిపోయాను. ఇంట్లో అంతకుముందున్న మూడు సెల్లుల స్టీలు టార్చి పదుల ల్యూమెన్లకు మించి ఇచ్చి ఉండదు మరి.

దానికి ఐదు రీతులు. ఆర్పాలంటే అన్నింటినీ దాటుకుంటూ పోవాలి. అందులో ఒకటి తపతప కొట్టుకునేది, ఒకటి ఓడ మునుగుతున్నదని చాటే ఎస్ఓఎస్. ఒకసారి నాన్నగారు ఆర్పబోయి దాన్ని నొక్కితే, అవతలి గట్టు రైతు తనను పిలుస్తున్నారనుకుని మోకాటిలోతు బురదలో పడి వచ్చాడట. అప్పుడు అందరం నవ్వుకున్నాము.

2023 అక్టోబరులో ఒక రాత్రి, నాన్నగారు తూము దగ్గర గండి పూడుస్తుండగా ఆ టార్చి ఠక్కున ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు. సెల్‌ఫోను ఇంట్లో ఉన్నది, ఆకాశంలో మబ్బు. కర్రతో నేల తడుముకుంటూ ఇల్లు చేరారు. ఆ సంగతి నాకు చెప్పింది అమ్మ, ఆయన కాదు. "ఏమీ కాలేదు కదరా" అన్నారు నేను అడిగితే. అంతకు ముందటి ఏడాదే, అదే గట్టు మీద, ఒక కౌలురైతును రక్తపింజర కరిచింది. మనిషి దక్కాడు గాని మూత్రపిండాలు దెబ్బతిని నెలల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగాడు.

మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో సగటున ఏడాదికి 58 వేలమంది మరణించి ఉంటారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో మన ఉభయ రాష్ట్రాలూ ఉన్నవి. నగరంలో టార్చి కరెంటు పోయినప్పుడు వెతుక్కునే వస్తువు. గట్టు మీద దాని పని వేరు.

ఆ పండుగకు ఊరు వెళ్ళినప్పుడు టార్చి విప్పి చూశాను. సెల్లును వంటింటి త్రాసులో పెడితే 29 గ్రాములు తూగింది. ఈ రకం సెల్లును 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. అసలైనది 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఈ కొలతలో పేరున్న తయారీదారులు చేసే మంచి సెల్లులు కూడా 3,500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే ఆగిపోతాయి. 9,900 అని రాసి ఉంటే అది అబద్ధమని చూడకుండానే చెప్పవచ్చు. రెండు వేల ల్యూమెన్ల మాట కూడా అలాంటిదే. అంత వెలుగు ఆ చిన్న గొట్టంలోనుండి నిలకడగా రావాలంటే పుట్టే వేడికి చేయి పట్టలేము.

ఠక్కున ఆరిపోవడానికి కూడా కారణమున్నది. పాత బల్బు టార్చి చచ్చేముందు చెప్పి చచ్చేది. తెలుపు పసుపై, పసుపు ఎరుపై, "ఇక ఇంటికి పద" అనేది. లిథియం సెల్లు చివరిదాకా ఒకే తీరున వోల్టేజి నిలిపి, అంచుకు రాగానే ఒక్కసారిగా జారిపోతుంది. సెల్లు నాసిదైతే ఆ అంచు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

సరే, మార్చాలి. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. చవకది మోసం చేసింది కనుక ఖరీదైనది కొంటే సరిపోతుందనుకున్నాను. ఆరువందల మీటర్ల దూరం పడుతుందని రాసి ఉన్న టార్చి ఒకటి 3,800 పెట్టి కొన్నాను. ఇది మోసం కాదు, రాసినంతా నిజమే. నాన్నగారు దాన్ని పట్టుకుని రెండు రాత్రులు తిరిగి వచ్చి, బల్ల మీద పెట్టి, "ఒరేయ్, ఇది చెరువుకు అవతల తాటిచెట్టు మీద గబ్బిలాన్ని చూపిస్తున్నది. నా కాలికింద ఏమున్నదో చూపించడం లేదు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. తరువాత కూర్చుని చదివితే ఆయన మాటే సరైనదని తేలింది. 2009 నుండి టార్చీలకు ఎఫ్‌ఎల్1 అని ఒక ప్రమాణమున్నది. దాని ప్రకారం "దూరం" అంటే వెలుగు పావు లక్స్‌కు తగ్గేచోటు. పావు లక్స్ అంటే సుమారుగా నిండు పున్నమి వెన్నెల. అంటే ఆరువందల మీటర్ల దగ్గర మీకు దొరికేది వెన్నెలంత వెలుగే. పైగా దూరం రెట్టింపు కావాలంటే కిరణం తీవ్రత నాలుగింతలు కావాలి. ఆ తీవ్రత కోసం వెలుగునంతా సన్నటి కిరణంగా బిగిస్తారు. అడుగుదూరంలో అది కళ్ళు మిరుమిట్లు గొలిపే పళ్ళెమంత వలయమవుతుంది. దాని చుట్టూ ఉన్నదంతా మునుపటికన్నా చీకటి. పాము ఉండేది వలయం మధ్యలో కాదు కదా!

రంగు సంగతి ఇంకొకటి. తెల్లటి ఎల్‌ఈడీ నిజానికి నీలపు ఎల్‌ఈడీయే. ఆ నీలాన్ని కనిపెట్టినందుకు అకసకి, అమనో, నకమురలకు 2014లో నోబెల్ వచ్చింది. దానిమీద పసుపు పూత పూస్తే తెలుపు కనిపిస్తుంది. చవకరకంలో ఆ నీలిఛాయ మిగిలిపోయి మట్టి, ఎండుగడ్డి, గోధుమరంగు గొలుసుమచ్చల పాము అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. వెలుగు రంగులను ఎంత నిజంగా చూపుతుందో నూటికి లెక్కగట్టే కొలత సీఆర్ఐ. చాలా టార్చీలలో అది డెబ్భై దగ్గర ఉంటుంది. తొంభై దాటినవి వెతికితే దొరుకుతాయి. కొనేటప్పుడు ఒక్కరూ అడగరు. నేనూ అడగలేదు.

మూడోసారి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని కొన్నాను. ఆయన కోరినవి మూడే: పరుచుకునే వెలుగు, ఆర్పడానికి ఒక్క నొక్కు, ఎంత ఛార్జి మిగిలిందో చెప్పే గుర్తు. నేను చేర్చినవి మార్చుకోగల 18650 సెల్లు, వెచ్చని రంగు. ధర 2,300. గరిష్ఠంగా 800 ల్యూమెన్లు. పెట్టెమీది అంకె పాతదానిలో సగం కూడా లేదు. ఆయన వాడేది అందులోనూ తక్కువ వెలుగునే, నూరు ల్యూమెన్లకు కాస్త అటూ ఇటూ.

నా ఫిర్యాదు అసలు ఇక్కడ ఉన్నది. కిలో కందిపప్పులో యాభై గ్రాములు తగ్గితే కొట్టువాడితో పోట్లాడతాము. తూనికలూ కొలతల శాఖ ఉన్నది, ముద్ర వేసిన రాళ్ళున్నాయి. సెల్లు మీద మూడింతల అబద్ధం రాసి అమ్మితే మాత్రం "చవకది కదా, అంతే ఉంటుంది" అని మనమే సర్దిచెప్పుకుంటాము. చవకగా ఇవ్వడం తప్పు కాదు. వెయ్యి ఎంఏహెచ్ సెల్లు మీద వెయ్యి అనే రాస్తే, ఆ 450 రూపాయల టార్చి గంటసేపే వెలుగుతుందని తెలుసుకుని రైతు గంటలో ఇల్లు చేరతాడు. 9,900 అని చదివినవాడు అర్ధరాత్రి తూము దగ్గర నిశ్చింతగా మట్టి తవ్వుతుంటాడు. 2,300 పెట్టగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఎందరు? సంతలో ఆ నల్లగొట్టాలు ఇప్పటికీ బుట్టల్లో పోసి అమ్ముతున్నారు.

టార్చి ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. పాముకు గాలిలోని చప్పుడు కన్నా నేల అదురు బాగా తెలుస్తుంది. అందుకే కర్ర తాటిస్తూ నడవడం పెద్దలు నేర్పిన మంచి అలవాటు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు కూడా పంపాను. వాటిని మాత్రం ఆయన వడ్లబస్తాల వెనక దాచారని అమ్మ చెప్పింది.

పాత సెల్లును పెంటకుప్పలో వేయకుండా నగరానికి తెచ్చి ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేచోట ఇచ్చాను. గట్టిగా నలిగితే అంటుకుంటుంది అది. ఆరువందల మీటర్లది నా బల్ల సొరుగులో ఉన్నది. గబ్బిలాల మీద ఆసక్తి ఉన్న మిత్రులెవరైనా ఉంటే చెప్పండి.

మొన్న ఆదివారం నాన్నగారు ఫోను చేశారు. ఆయన మెచ్చుకోలు ఏనాడూ నేరుగా ఉండదు. నీరు ఈసారి రెండు రోజులు ఆలస్యమైందనీ, దమ్ము ఇంకా పూర్తి కాలేదనీ చెప్పి, చివర "ఆ లైటుకు ఇంకో సెల్లు పంపు, జేబులో ఉంచుకుంటాను. నలభై అయిదు గ్రాములు ఉండాలి, తూచి పంపు" అన్నారు.