ట్రంకుపెట్టెలో కాష్మోరా

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థుల తరఫున ఏదైనా రాయండన్నా అని తమ్ముళ్లు అడిగారు. హాస్టల్ రోజుల వస్తువులేమైనా మిగిలాయేమోనని ఎవరిళ్లలో వాళ్లం వెతికాం. గ్రూపు ఫోటోలు దొరికాయి. వాటితోపాటు అలమార పై అరల్లో, అటక మీది ట్రంకుపెట్టెల్లో మేం పూర్తిగా మరిచిపోయిన పుస్తకాలు బయటపడ్డాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం', దాని కొనసాగింపు 'తులసి', మధుబాబు షాడో నవలలు నాలుగు, పాత చందమామల నుంచి చింపి దబ్బనంతో కుట్టుకున్న 'రాకాసిలోయ' సీరియల్. సగం వాటికి అట్టల్లేవు.

పుస్తకం ముట్టుకోగానే హాస్టల్ వాసన వచ్చిందంటే మీరు నవ్వుతారు. కాస్మెటిక్ ఛార్జీలు చేతికొచ్చిన రోజున సబ్బు ఒకటి తగ్గించుకుని, బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపుకు పరుగెత్తేవాళ్లం. అద్దె రోజు లెక్కన. చదివేవాళ్లం ఒక గది నిండా. అందుకని పుస్తకాన్ని జాగ్రత్తగా ఫారాలుగా విడదీసి పంచుకునేవాళ్లం. మొదటి భాగం ఒకడి దగ్గర, మూడో భాగం ఇంకొకడి దగ్గర. లైట్లు ఆర్పాక వరండా బల్బు కింద ఒకడు పైకి చదివితే మిగతావాళ్లం దుప్పట్లు కప్పుకుని వినేవాళ్లం. ఆ రాత్రి బాత్‌రూముకు వెళ్లాలంటే నలుగురు తోడు ఉండాల్సిందే.

"చెత్త పుస్తకాలు" అని సార్లు లాక్కునేవారు. మేం ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోం. మా ఇళ్లలో బడికి వెళ్లిన మొదటి తరం మేమే. పాఠ్యపుస్తకం రెండు పేజీలకే నిద్ర వచ్చేది. లావుపాటి నవలను మాత్రం రెండు రాత్రుల్లో ముగించాం. తెలుగు చదవడంలో వేగం, పెద్ద వాక్యం చూస్తే బెదరకపోవడం మాకు అక్కడే అలవాటయ్యాయి. తర్వాత పోటీ పరీక్షలు రాసినవాళ్లకు ఆ అలవాటే పనికొచ్చింది. కాబట్టి ఈ పుస్తకాల రుణం మాకు ఉంది.

కానీ ఇంకో రుణం కూడా ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ఒక రాత్రి కాష్మోరా ఘట్టం చదువుతుంటే మా మిత్రుడొకడు చాప చుట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. "భయపడ్డాడ్రా" అని వారం రోజులు ఏడిపించాం. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కలిసినప్పుడు చెప్పాడు. వాళ్ల ఊళ్లో ఒక పిల్లవాడు జ్వరంతో చనిపోతే, వాళ్ల నాయనమ్మే బాణామతి చేసిందన్నారట. పంచాయితీ పెట్టారు. రాత్రికి రాత్రే ఇంటిల్లిపాదీ ఊరు వదిలారు. "మీరు చదివే మంత్రగత్తె మాటలు మా నాయనమ్మను అన్నవేరా" అన్నాడు. మాకు నోట మాట రాలేదు.

తెలంగాణలో బాణామతి అన్నా, కోస్తాలో చేతబడి, చిల్లంగి అన్నా నింద పడేది ఎవరి మీద? ఎక్కువగా పేదల మీద, దళితుల మీద, ఒంటరి ముసలమ్మల మీద. మంత్రం పలకకూడదని పళ్లు ఊడగొట్టిన ఘటనలు, చంపేసిన ఘటనలు పేపర్లలో ఎన్నోసార్లు వచ్చాయి. అంటే మేం దుప్పట్లో వణుకుతూ సరదాపడిన కథ, మాలాంటివాళ్ల ఇళ్ల మీదికి వచ్చే కథే.

ఇప్పుడు 'తులసిదళం' మళ్లీ చదివితే ఒక సంగతి గమనించాం. పాప తులసిని కాపాడటానికి అందులో మాంత్రికులే కాదు, వైద్యం, హిప్నాటిజం తెలిసినవాళ్లూ ప్రయత్నిస్తారు. రచయిత రెండు దారులూ చూపించారు. మా బుర్రలో నిలిచింది మాత్రం కాష్మోరా ఒక్కటే. ఆ నవలను ఘాటుగా విమర్శిస్తూ రంగనాయకమ్మ గారు ఒక పుస్తకమే రాశారని మాకు ఉద్యోగాలు వచ్చాక గానీ తెలియలేదు. ఆ వాదన ఒప్పుకోవాలా వద్దా అన్నది తర్వాతి మాట. రెండో పుస్తకం మా చేతికి అందలేదు, అదీ మా బాధ.

జనవిజ్ఞాన వేదిక వంటి సంఘాలు ఊళ్లలో చేసి చూపించేవి చూడండి. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారుతుంది. కత్తికి ముందే మందారపూల రసం పూసి ఉంటుంది, నిమ్మ పులుపు తగలగానే ఎర్రబడుతుంది. హోమగుండం తనంతట తానే అంటుకుంటుంది. అది పొటాషియం పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పడితే పుట్టే మంట. అంతదాకా ఎందుకు, మన అమ్మలు దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపూ సున్నమూ కలిపినవే కదా! పదో తరగతి రసాయనశాస్త్రంలో ఆమ్లాలు, క్షారాల పాఠం అదే.

అందుకని మా అభిప్రాయం ఇది. ఈ పుస్తకాలను నిషేధించవద్దు. దాచిపెట్టి చదివే పుస్తకానికి బలం ఎక్కువ. మా దగ్గర దొరికినవన్నీ అట్టలు వేయించి హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాం. వాటి పక్కనే మూఢనమ్మకాల గుట్టు విప్పే పుస్తకాలు కూడా కొని పెడుతున్నాం. తమ్ముళ్లూ, రెండూ చదవండి. ఆదివారం రాత్రి కూర్చుని వాదించుకోండి. భయపడండి, తప్పులేదు. కానీ ఊరికి వెళ్లినప్పుడు ఎవరైనా ఒక ముసలమ్మను వేలెత్తి చూపిస్తే, ముందు జ్వరమొచ్చిన పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పే మొదటి గొంతు మీదే కావాలి.

ఇంకొక్క మాట. కథ చదువుతుండగా ఎవడైనా చాప చుట్టుకుని లేచి వెళ్తే నవ్వకండి. వెనకాలే వెళ్లి, ఏమైందిరా అని అడగండి. మేం అడగలేదు.