పొలము కొన్నవాడు కాలువను కొనలేదు



గండిపేటకు ఎగువన, శంకరపల్లి మండలములోని జన్వాడ వంటి పల్లెకు చరిత్ర ఏమున్నదని మీలో కొందరు అడుగవచ్చును. రాజుల కథలు వ్రాసినవారు ఇట్టి ఊళ్ళను పట్టించుకొనలేదు. కాని ఈ ఊరి చరిత్ర నీటిలో నున్నది.

బుల్కాపూర్ నాలా సంగతి చూడుడు. శంకరపల్లి దిక్కున బయలుదేరి, జన్వాడ, కోకాపేట, నార్సింగి, మణికొండల మీదుగా హుసేన్‌సాగరుకు నీరు చేర్చుటకై పూర్వులు ఏర్పరచిన కాలువ యిది. నేడు కొన్నిచోట్ల పూడినది, కొన్నిచోట్ల కట్టడముల క్రిందికి పోయినది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచిన పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై గండిపేట జలాశయము 1920లో సిద్ధమైనది. నాటినుండి ఈ పల్లెలలో పడిన వానచుక్కలో పట్నమునకు కూడ వాటా ఏర్పడినది. ఆ నీటిని కాపాడుటకే 1996 మార్చి 8న 111వ నంబరు ఉత్తర్వు వచ్చి, జన్వాడతో కలిపి 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను నిషేధించినది. 2022 ఏప్రిల్‌లో ఆ నిషేధమును సడలించుచు మరియొక ఉత్తర్వు వెలువడినది.

మొదటి ఉత్తర్వు మంచిదా చెడ్డదా అను తగవులోకి నేను పోను. ప్రక్క ఊరి భూమికి ధర పెరుగుచుండగా తన భూమిని చూచుకొని పాతికేండ్లు గడపిన రైతు బాధ నిజమైనదే. తన చేను అమ్ముకొను హక్కు అతనికి కలదు. అయితే చేనితోపాటు కాలువ అమ్ముడుపోదు. నా మాట అంతే.

స్విట్జర్లాండులో ఆల్ప్స్ కొండల నడుమ టోర్బెల్ అను చిన్న పల్లె కలదు. ఆవులు, గడ్డి, జున్ను వారి బ్రతుకుతెరువు. 1483లోనే ఆ ఊరివారు కూడి పత్రము వ్రాసికొనిరి. బయటివాడు ఊరిలో భూమి కొన్నను, ఉమ్మడి పచ్చికబయలుపైగాని అడవిపైగాని అతనికి హక్కు రాదు. 1517లో మరియొక కట్టుబాటు చేసికొనిరి: చలికాలమున తన గడ్డితో ఎన్ని ఆవులను సాకగలడో, అన్నింటినే వేసవిలో కొండ మేతకు తోలవలెను. ఎంత తెలివైన లెక్క! డబ్బున్నవాడు మందను కొని తెచ్చి కొండను నాకించుటకు వీలులేదు.

మనకు మాత్రము కట్టుబాట్లు లేకపోయినవా? నీరటి తూము ఎత్తి వంతుల ప్రకారము మడులకు నీరు పారించెడివాడు. చెరువు నిండని ఏట తైబందీ చేసి ఉన్న నీటికి తగినంత నేలయే సాగుచేసెడివారు. అయితే ఆ కట్టుబాటు నోటిమాటగా నుండెను, కాగితము పటేలు పట్వారీల సంచిలో నుండెను. 1984లో పటేలు పట్వారీలు పోయిరి. తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ 2020లో రద్దైనది. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చిరి. ఇన్ని చేతులు మారిన సంచిలోనుండి ఒక కాలువ జారిపోయిన ఆశ్చర్యమేమున్నది?

చట్టము లేదని చెప్పుటకు వీలులేదు. 1317 ఫసలీ నాటి భూమిశిస్తు చట్టమే చెరువులు, కాలువలు, వాగులు సర్కారువని చెప్పుచున్నది. అయినను నాలాపై ఒకడు ప్రహరీ కట్టినచో పైరైతు మడి మునుగును, క్రిందిరైతు బావి ఎండును. ఆ ఇద్దరును కచేరీ చుట్టు తిరుగుచుందురు, గోడ కట్టినవాడు పట్నములో నుండును.

కనుక గ్రామాధికారులు ఊరి నక్షాను చేతబట్టి, తూములెరిగిన ముసలివారిని వెంటబెట్టుకొని, నాలా మొదటినుండి చివరివరకు ఒక్కమారు నడువవలెను. కాలువ వెడల్పును, చెరువు శిఖము హద్దును కొలిచి రాళ్ళు పాతవలెను. ఏ తూము ఏ మడులకో, ఏ సర్వే నంబరులో బాట ఉన్నదో గ్రామసభ పుస్తకములో వ్రాసి సంతకములు తీసికొనవలెను. చేను అమ్మదలచిన రైతు ఆ పుటను కొనువానికి ముందే చూపుట మంచిది, వెనుకటి తగాదా తన మెడకు చుట్టుకొనదు. ఈ పని మృగశిర కార్తెకు ముందే ముగించుడు. వానలు పడిన పిదప గడ్డి, కంప పెరిగి పాత హద్దురాళ్ళు కంటికి కనబడవు.