దారిఖర్చులందు భేదమేల?

పన్ను మిగులుపై విధింపవలెనే గాని ఖర్చుపైఁ గాదు. అమెరికాలో కొలఁదికాలమే యైనను స్వయముగా వృత్తి నడుపువారు, పనికై స్వంతకారులో తిరిగిన దూరమునకు 2025వ సంవత్సరమున మైలునకు 70 సెంట్ల చొప్పున ఆదాయమునుండి తగ్గించుకొనుటకు ఫెడరల్ ప్రభుత్వ మంగీకరించినది. పెట్రోలు, మరమ్మతు, తరుగుదల యిందుఁ జేరినవే. ఇది న్యాయమే. కాని యజమాని పనికై తిరిగి, దారిఖర్చు పొందని జీతగాండ్రలో అత్యధికులకు 2018 మొదలు ఈ తగ్గింపు లేదు. ఇరువురి కారులును పెట్రోలుతోనే నడచుచున్నవి గదా! ఈ భేదము తొలఁగవలెనని మా యభిప్రాయము. అంతవఱకు, అచ్చటి మన తెలుఁగువారు ఉన్న హక్కునైనఁ బోగొట్టుకొనరాదు. తేది, చేరినచోటు, పని, మైళ్లు నాఁటికి నాఁడే వ్రాసియుంచవలెను. లెక్కకెక్కని మైలు పన్నుపాలగును.