టిప్పు ఎగ్గొట్టిన మొనగాళ్ళకి ఒక నమస్కారం

సంక్రాంతికి ముందు మా కోట బజార్లో టీ తాగుతుంటే ఒకాయన తగిలాడు. డిసెంబరులో మేం ఎక్కిన ఓడలోనే, మా టూరు గుంపులోనే, భార్యతో కలిసి వచ్చినాయన. కుశలప్రశ్నలు అయ్యాక, "ఏం సార్, మీరు ఆ పన్నెండు వేలు కట్టేసినారంటనే? మేం తీసేయించుకున్నాం" అన్నాడు, పక్కనున్న నలుగురికీ వినబడేట్టు. ఆ నలుగురూ ఆయన వైపు మెచ్చుకోలుగా, నా వైపు జాలిగా చూశారు. అందరి టీ డబ్బులూ ఆయనే ఇచ్చి, చిల్లర ఉంచుకోమని టీ కొట్టు కుర్రాడితో దర్జాగా చెప్పి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చేదాకా నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆ మంటే ఇది.

ముందే ఒక మాట. క్రూయిజుకి పోవడం తప్పని నేననడం లేదు. నేనూ పోయొచ్చాను, సిగ్గేం లేదు. సముద్రం అరగంట దూరంలో పెట్టుకుని పెరిగినవాణ్ణి, తూపిలిపాళెంలో పడవ తప్ప ఓడ ఎక్కి ఎరగను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి మేమిద్దరమే బయల్దేరాం. గూడూరు మీదుగా మద్రాసు, అక్కణ్ణుంచి విమానంలో సింగపూరు, సింగపూర్లో ఓడ. పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్లో దింపుతారు. నాలుగు రాత్రులు. పదహారు అంతస్తులు, నాలుగు వేల పైచిలుకు జనం. ఈతకొలనులు, డాన్సులు, జూదశాల, ఎప్పుడు పోయినా తిండి... ఇవన్నీ మీరు యూట్యూబులో చూసే ఉంటారు కాబట్టి వదిలేస్తున్నా.

మా గది సర్దే కుర్రాడిది ఇండొనేషియా. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేవాడు. తువ్వాళ్ళతో ఏనుగునో కోతినో చేసి మంచం మీద పెట్టి పోయేవాడు. మా ఆవిడకి మాటలు కలపడం అలవాటు. రెండు రోజుల్లో అతని చరిత్రంతా రాబట్టింది. పద్దెనిమిది గదులు అతనివే. కాంట్రాక్టు ఎనిమిది నెలలు. కూతురికి రెండేళ్ళు, అందులో ఏడాదికి పైగా తను ఓడలోనే ఉన్నాడు. ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. నవ్వడం కూడా ఆ ఉద్యోగంలో ఒక భాగమే అనుకుంటా.

మూడో రోజు మధ్యాహ్నం మా టూరు మేనేజరు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. "మీ గది ఖాతాలో మనిషికి రోజుకి 18 డాలర్లు గ్రాట్యుటీ పడుతోంది. ఐదో అంతస్తు కౌంటర్లో అడిగితే తీసేస్తారు. కారణం అడిగితే సర్వీసు నచ్చలేదని చెప్పండి." అంతే! పది నిమిషాల్లో కౌంటరు ముందు క్యూ. అందులో సగానికి సగం మన తెలుగు మాటలే.

ఆ క్యూలో నేనూ ఉన్నాను. దాచడం దేనికి? 18 డాలర్లు, ఇద్దరం, నాలుగు రోజులు, మొత్తం 144 డాలర్లు, మన డబ్బుల్లో పన్నెండు వేల పైన. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, లెక్క మాత్రం చప్పున వచ్చేసింది. మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చి చూసింది. "ఏందబ్బా, నువ్వు గూడానా? మన రొయ్యల గుంటల కాడ కాపలా పెద్దాయనకి పండక్కి పంచె పెట్టకుండా ఎప్పుడన్నా ఉన్నామా? సర్వీసు నచ్చలేదని ఎట్టా చెప్తావు? ఆ ఏనుగు బొమ్మ ఫొటో తీసి మీ అమ్మకి పంపింది నువ్వే గదా?" అంది. నేను క్యూలోంచి బయటికొచ్చేశా. కాబట్టి నేనేదో ధర్మరాజునని కాదు. ఆమె రాకపోయుంటే నేనూ ఆ టీ కొట్టు మొనగాడినే.

వచ్చాక కూర్చుని ఈ టిప్పుల గొడవ ఏంటో చదివాను. చదివిన కొద్దీ తల దించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మనవాళ్ళు చెప్పే వాదనలు ఒక్కొక్కటే చూద్దాం.

ఒకటి: "టిప్పు అంటే ఇష్టమైతే ఇచ్చేది. బలవంతంగా వేస్తే ఎట్టా?"

పేరు టిప్పే గానీ, అది టిప్పు కాదు మహానుభావా. అది జీతంలో ముక్క. ఈ పెద్ద ఓడల్లో చాలావాటికి జెండా బహామాస్‌దో, పనామాదో, బెర్ముడాదో ఉంటుంది. కంపెనీ ఆఫీసు ఒక దేశంలో, ఓడ తిరిగేది ఇంకో దేశం నీళ్ళలో, కార్మిక చట్టం మాత్రం జెండా దేశానిది. అమెరికాలో గంటకింత అని కనీస వేతనం ఉందే, అది ఆ గది సర్దేవాడికి వర్తించదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలో అనుభవమున్న నావికుడికి కనీస మూలవేతనం 2025లో నెలకి 673 డాలర్లు ఉండేది. అది కూడా డెక్కు మీద పనిచేసే నావికుణ్ణి దృష్టిలో పెట్టుకుని కట్టిన అంకె. గదులు సర్దేవాళ్ళు, వడ్డించేవాళ్ళు మన ఖాతాలో పడే ఆ 18 డాలర్ల మీదే ఆశ పెట్టుకుంటారు. 2025లో పెద్ద కంపెనీల్లో ఇది మనిషికి రోజుకి దాదాపు 16 నుంచి 20 డాలర్లు ఉంది. ఆ డబ్బు గదుల వాళ్ళు, భోజనశాల వాళ్ళు, ఇంకా కంటికి కనబడని పనివాళ్ళ మధ్య పంచుతామని కంపెనీలే రాసుకుంటాయి. మనం తీసేయించింది కంపెనీ లాభంలోంచి కాదు, ఆ పంపకంలోంచి.

పని గంటలంటారా? 2006లో కుదిరి 2013లో అమల్లోకొచ్చిన సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం మామూలుగా ఓడ పనివాడితో వారానికి 72 గంటల దాకా పని చేయించవచ్చు. 2023 అక్టోబరులో నారాయణమూర్తి గారు కుర్రాళ్ళు వారానికి 70 గంటలు పనిచేయాలి అన్నందుకు మన ఐటీ జనం ఎంత గోల చేశారో గుర్తుందా? ఎన్ని జోకులు, ఎన్ని కార్టూన్లు! ఇక్కడ 72 గంటలన్నది హద్దు. మన ఏసీ ఆఫీసులో 70 అన్యాయం, వాడికి 72 న్యాయమా?

ఇంకో తమాషా. ఓడ బారులో తాగే ప్రతి గ్లాసు మీద 18 శాతం గ్రాట్యుటీ వేశారు. దాని మీద ఎవరూ నోరెత్తలా. జూదశాలలో ఒక్క రాత్రికి ఇరవై వేలు పోగొట్టుకుని నవ్వుతూ బయటికొచ్చినాయన, పొద్దున్నే పక్క దులిపినవాడి డబ్బుల కోసం క్యూలో అందరికంటే ముందు నిలబడ్డాడు.

రెండు: "జీతం ఇవ్వాల్సింది కంపెనీ. మేమెందుకు ఇయ్యాలి?"

ఇది మాత్రం నిజమైన వాదన. ఒప్పుకుంటాను. పనివాడి జీతాన్ని ప్రయాణికుడి దయ మీద వదిలేసి, టికెట్టు ధర తక్కువ చూపించడం కంపెనీల గడుసుతనం. అది మారాలి, మారగలదు కూడా. బ్రిటన్‌లోని పి అండ్ ఓ క్రూయిజెస్ 2019లో ఈ రోజువారీ టిప్పు ఎత్తేసి ధరలోనే కలిపేసింది. ఓడేమీ మునిగిపోలేదు.

కానీ ఆ క్యూలో నిలబడ్డవాళ్ళలో ఎవరు కంపెనీకి ఉత్తరం రాశారు? ఎవరు "ధరలో కలపండి, కడతాం" అన్నారు? ఎవరూ లేరు. కంపెనీ మీద పోరాటం అంటూ మొదలుపెట్టి, అందరికంటే కింద ఉన్నవాడి జేబులో చెయ్యి పెట్టి, ఆ డబ్బు మన జేబులో వేసుకుని ఇంటికి రావడం ఏ రకం పోరాటం? పైగా సర్వీసు నచ్చలేదని అబద్ధం ఒకటి. డబ్బు పోతే పోయింది, ఆ మాట వాడి రికార్డులోకి ఎక్కితే మళ్ళీ కాంట్రాక్టు ఇస్తారా లేదా అని కాసేపైనా ఆలోచించామా? అప్రైజల్లో ఒక్క రేటింగు తగ్గితే మేనేజరుకి పేజీన్నర మెయిలు రాసే జాతి మనది!

మూడు: "వాళ్ళ దేశంలో అయితే ఇంత కూడా రాదు."

ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మన గురించి అవతలివాళ్ళు పాతికేళ్ళుగా అంటున్నది సరిగ్గా ఇదే. అదే కోడు, అదే రాత్రి డ్యూటీ, నాలుగో వంతు జీతం... అడిగితే "మీ ఊళ్ళో అది ఎక్కువే కదా" అంటారు. అప్పుడు మనకి రోషం వస్తుంది. మనం ఒక మెట్టు పైకెక్కి ఇంకొకడు కిందికి రాగానే అదే మాట మన నోట్లోంచి వస్తుంది. ఆ పైన మనం బెంచి మీద కూర్చున్నా జీతం పడుతుంది. వీళ్ళలో చాలామందికి కాంట్రాక్టుకీ కాంట్రాక్టుకీ మధ్య నెలల్లో పైసా రాదు. మా పాళెపోళ్ళకి ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధానికి, చాలకపోయినా, ప్రభుత్వం 2025లో ఇంటికి 20 వేలు ఇచ్చింది. ఓడ కుర్రాడికి అదీ లేదు.

నాలుగు: "టిప్పులివ్వడం అమెరికావాళ్ళ అలవాటు. మన సంస్కృతి కాదు."

నిజమే, మనది కాదు. మనది ఇంకా పెద్ద అలవాటు. మా తీరాన పడవ ఒడ్డుకొచ్చాక పంపకం చూశారా ఎప్పుడైనా? పడవకి ఇంత, వలకి ఇంత అని తీశాక, మిగిలింది వేటకి పోయిన మనుషులకి వాటాలేస్తారు. కొత్తగా వేటకొచ్చిన పిల్లోడైనా వాడికీ వాటా ఉంటుంది. తక్కువుండొచ్చు గానీ లేకుండా ఉండదు. చేప నచ్చలేదని వాడి వాటా తీసేసే కౌంటరు తూపిలిపాళెంలో లేదు. కాబట్టి సంస్కృతి మాట ఎత్తకండి. ఎత్తితే ఓడిపోయేది మీరే.

అసలు మనకి ఓడలతో పాత చుట్టరికం ఉంది. అది బాల్కనీ గదుల్లోంచి మొదలవలేదు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలను ఎక్కించుకుని నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటలకి అలా పోయినవాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడుమంది. రంగూన్ పోయిన మన కూలీలను అక్కడ కోరంగీలనేవాళ్ళు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీదుగా. డెక్కు మీద కుక్కుకుని పోయినవాళ్ళ మనవళ్ళం మనం.

అదంతా పాత కథ అంటారా? 2020 ఫిబ్రవరి తీసుకోండి. జపాన్‌లో యోకహామా దగ్గర డైమండ్ ప్రిన్సెస్ ఓడని కరోనా వల్ల ఆపేశారు. అందులో 3,711 మంది. భారతీయులు 138 మంది. అందులో ప్రయాణికులు ఆరుగురు, మిగతా 132 మందీ పనివాళ్ళు. ప్రయాణికులను గదుల్లోంచి కదలొద్దన్నారు. మరి వాళ్ళ గది తలుపు దాకా అన్నం మోసుకుపోయింది ఎవరు? పనివాళ్ళు. చిన్న గదుల్లో ఇద్దరేసి పడుకుంటూ, కలిసి తింటూ, రోజూ డ్యూటీకి పోయారు. ఆ 132ని, ఆ ఆరుని పక్కపక్కన పెట్టి చూడండి. ఈ రోజు మనం ఆ ఆరుగురి వరసలో కూర్చున్నాం, మంచిదే. అవతలి వరసలో ఉన్నదీ మనవాళ్ళేనని మర్చిపోతే ఎలా?

చివరిగా, రేపు శీతాకాలానికి ప్యాకేజీ బుక్ చేసుకోబోయే దంపతులకి ఒక మనవి. ఏజెంటు ధర చెప్పగానే "గ్రాట్యుటీ కలిపి ఎంత?" అని అడగండి. కలపలేదంటే మీరే కలుపుకుని లెక్క వేసుకోండి. అది మీకు బరువైతే ఒక రాత్రి తక్కువ పోండి, బాల్కనీ లేని గది తీసుకోండి, లేదా ఇంకో ఏడాది ఆగండి. నిజంగా సర్వీసు బాగాలేకపోతే ఏం బాగాలేదో వివరంగా రాసివ్వండి. కంపెనీ మీద కోపముంటే కంపెనీకే రాయండి, ఆ ఉత్తరం కింద నేనూ సంతకం పెడతా. అంతేగానీ, ఎవరో టూరు మేనేజరు చెప్పాడని, నాలుగు రోజులు మన దుప్పటి మడతపెట్టినవాడి మీద అబద్ధం చెప్పి పన్నెండు వేలు మిగుల్చుకుని, ఊరికొచ్చి టీ కొట్టు దగ్గర దాన్ని తెలివితేటలని చెప్పుకోకండి.

దాన్ని మా ఊళ్ళో తెలివి అనరు. కూలి ఎగ్గొట్టడం అంటారు.