యంత్రం ఉంటే చాలదు, ప్యాడ్ల గడువు చూడాలి

ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది. అయినా ఏటా కాలువలు కట్టేసిన రోజుల్లో పూడిక తీసి, లాకులు బాగుచేయకపోతే శివారు చేలకు నీరందదని డెల్టా రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. ప్రాణం నిలిపే యంత్రాలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది.

గోదావరి పుష్కరాలు 2027లో వస్తాయి. జనసమ్మర్దం ఎంత ముప్పు తెస్తుందో 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాట చాటింది. అంత జనంలో ఎవరికైనా ఉన్నట్టుండి గుండె ఆగితే అంబులెన్సు చేరేసరికి ఆలస్యం కావచ్చు. షాక్ అందని ప్రతి నిమిషానికీ, ఛాతీ నొక్కేవారు కూడా లేకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. కనుక రాజమండ్రి, కొవ్వూరు రేవుల్లో డీఫిబ్రిలేటర్లు సిద్ధంగా ఉండడం అవసరమే.

అయితే షాక్ గుండెకు చేరేది ఛాతీకి అంటించే రెండు ప్యాడ్ల ద్వారా. వాటికి ఉండే తడి జెల్ కాలక్రమాన ఎండిపోతుంది. ఎండిన ప్యాడ్ ఒంటికి అంటదు, షాక్ సరిగా అందదు. అందుకే ప్యాకెట్‌పై గడువు తేదీ ముద్రిస్తారు. అది సాధారణంగా రెండు నుంచి ఐదేళ్లు. ప్యాకెట్ ముందుగా విప్పరాదు. ఒకరికి వాడినవి మరొకరికి వాడరాదు. వేసవిలో రేకుల షెడ్డులోనో, ఎండలో నిలిపిన వ్యానులోనో ఉంచితే జెల్ గడువుకు ముందే చెడిపోవచ్చు. స్నానం చేసి వచ్చినవారి ఛాతీ పొడిగా తుడిచాకే ప్యాడ్లు అంటించాలి. పెట్టెలో ఒక తువ్వాలు కూడా ఉండాలన్నమాట.

యంత్రం కొన్ననాటి ఆర్భాటం ప్యాడ్లు మార్చవలసిన నాడు కనిపించదు. ఖర్చు అనడానికీ వీలు లేదు. యంత్రం ధరతో చూస్తే ప్యాడ్ల ధర స్వల్పం. ఒక్కొక్క యంత్రానికి ఒక ఉద్యోగిని బాధ్యునిగా నియమించాలి. నెలకోసారి సూచిక దీపం, బ్యాటరీ, ప్యాడ్ల గడువు చూసి పుస్తకంలో సంతకం చేయించాలి. అదనంగా ఒక జత ప్యాడ్లు అందుబాటులో ఉంచాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, గడువు తేదీని పెట్టెపై పెద్ద తెలుగు అక్షరాలతో రాయించాలి. అప్పుడు రేవుకు వచ్చిన సామాన్యుడు సైతం చదివి, గడువు దాటితే ఇదేమిటని అడగగలడు. అధికారులు పుష్కరాల హడావుడి మొదలయ్యేదాకా ఆగక ఈ పనికి పూనుకోవాలి.